పలుకు

హల్ నగరంలో టెలిఫోన్ బూత్‌లు ఎర్రగా ఉండవు,
మీగడ రంగు.
వాటిలోకి ఇప్పుడెవరూ వెళ్లరు.
ఆసుపత్రి గేటు పక్కన ఒకటుంది,
దాన్ని దాటుకుని మంగళవారం మంగళవారం
మూడో అంతస్తుకి వెళతాను,
మాట పోయినవాళ్లకి మాట నేర్పడానికి.

ఏడో మంచం మీద ఓల్డ్‌రాయిడ్ గారు.
నలభై ఏళ్లు పిల్లలకి లాటిన్ చెప్పారట.
పక్షవాతం కుడిచేతినీ నామవాచకాల్నీ పట్టుకుపోయింది.
కప్పు బొమ్మ చూపిస్తే గోడవైపు చూస్తారు.
తాళంచెవి చూపిస్తే "మంగళవారం" అంటారు,
తప్పని తెలిసి పెదవి కొరుక్కుంటారు.

ఆయన భార్య బెరిల్ ఊలు అల్లుతూ అంది:
"ఇన్ అంటే లేనిది, ఫారీ అంటే పలకడం.
మాట రానిది గనక ఇన్‌ఫెంట్.
పెళ్లయిన కొత్తలో నాకు చెప్పాడు.
ఇప్పుడు చూడు, డెబ్బై తొమ్మిదేళ్ల పసివాడు."

ఆ సాయంత్రం బస్సులో ఆ క్రియ నా వెంటపడింది.
దాని పిల్లలు ఊరంతా ఉన్నారు.
జనం నోట పడితే ఫేమ్,
నోటికొచ్చిన కట్టుకథ ఫేబుల్,
పుస్తకం గొంతు సవరించుకుంటే ప్రిఫేస్,
దేవుళ్లు ఒక్కసారి అనేస్తే ఫేట్.

అక్కడ ఆగిపోయాను.
మా ఇంట్లో విధికి నోరు లేదు, చెయ్యి ఉంది.
నుదుటి మీద రాస్తుంది,
అద్దంలోనూ చదవలేని దస్తూరీతో.
మా మేనత్త ఏ కబురు విన్నా
బొటనవేలితో నుదురు రుద్దుకునేది.
రాసింది చెరగదు.
మరి అన్నదో?
అన్నదాన్ని ఇంకోలా అనొచ్చు కదా.

రెండు పౌన్లకి పాత వ్యాకరణం కొన్నాను.
ఇది వెలితి క్రియ. అన్ని రూపాలూ లేవు.
'అతను పలుకుతున్నాడు' ఉంది. 'వాళ్లు' ఉంది.
'నేను పలుకుతున్నాను' మాత్రం ఎక్కడా దొరకలేదట,
ఆ గడిలో చిన్న గీత.

మళ్లీ వారం బొమ్మల కార్డులు తీసుకెళ్లలేదు.
ఆ పేజీ ఆయన ఒళ్లో పెట్టి
"ఫేటర్" అన్నాను,
కావాలని కాదు, రాక.
నలభై ఏళ్ల బడి ఆయన కనుబొమల్లో లేచి నిలబడింది.
"ఫా" అన్నారు, దీర్ఘం సరిచేస్తూ. "ఫాతుర్."
గీత దగ్గరికొచ్చి ఎడమచేతి వేలు ఆగింది.
చాలాసేపు.
హంబర్ మీద ఎక్కడో ఓడ కూత.
వేలు కింది వరుసకి, భవిష్యత్తులోకి జారింది.
"ఫాబొర్."
పలుకుతాను. ముందుముందు.

బెరిల్ సూదులు ఆగాయి.

అన్నం సరిగ్గా ఉడక్కపోతే
పలుకుగా ఉందంటాం మేం,
మధ్యలో ఇంకా పంటికి తగిలే బియ్యం.
ఆయన మాట అలాగే ఉంది.
మంట తగ్గించి, మూత పెట్టి
పక్కనే కూర్చున్నాను.