నలభై ఏడో మీటరు

రాత్రి ఎనిమిదికి మొదలైంది రీలు.
గాజువాక ఆటోనగర్లో
లారీ కమాన్‌పట్టీలు సాగగొట్టే షెడ్డు వెనక, నీలం తలుపు లోపల
వెంట్రుక మందం నికెల్ రిబ్బను
ద్రావణంలో మునిగి, తేలి,
కొలిమి వైపు కదిలింది.
గంటకు ఆరు మీటర్లు.
నత్త దానితో పందెం కాయొచ్చు.

వారానికి నా బల్ల మీదికొచ్చింది.
ద్రవ నైట్రోజన్ పొగల్లో ముంచి
జానా జానా కొలిచాను.
మూడొందల తొంభై ఆంపియర్లు. తొంభై రెండు. ఎనభై తొమ్మిది.
పళ్ళెంలో గంజిలా సమంగా సాగిన గీత
నలభై ఏడో మీటరు దగ్గర
చీకట్లో మెట్టు తప్పినట్టు పడింది.
రెండొందల పది.
మూరెడు కన్నా కాస్త తక్కువ మేర.
ఆపైన ఏమీ ఎరగనట్టు
మళ్ళీ మూడొందల తొంభై.

సగటు ఎంత, అని ఫోన్లో హెడ్డాఫీసు.
సగటు బాగానే ఉంది.
సగటు ఎప్పుడు బాగాలేదు గనక!
కానీ దీన్ని చుట్టలు చుట్టి అయస్కాంతం చేసేవాడికి
వంద మీటర్లూ ఆ మూరెడు చెప్పినట్టే నడవాలి.
మొండికేసి ఎక్కువ పంపాడా,
అక్కడ పుట్టిన వేడి పక్కకు పాకి
రెప్పపాటులో లక్షల సరుకు మసి.

లాగ్‌బుక్ తెరిచాం.
కొలిమి ఏడొందల ఎనభై, దారం పట్టి గీసినట్టు.
ఆక్సిజన్ సరి. వేగం సరి. రీలు బిగువు సరి.
తెల్లవారుజామున మూడూ యాభై,
అక్కడా సరి, సరి, సరి.
"మరి దీనికేం రోగం?" అన్నాడు వినీల్.
ఏ పేజీ నోరు విప్పలేదు.

గుమ్మంలో నరవ సూరప్పడు.
చిట్టివలస జూట్ మిల్లు మూతపడ్డాక ఇటొచ్చినవాడు.
జనపనార పురిని రెండు వేళ్ళ మధ్య జారనిచ్చి
ఎక్కడ సన్నబడిందో
కళ్ళు మూసుకుని చెప్పినవాడట.
ఇక్కడ టేపు ముట్టుకోనివ్వం,
వేలి చెమట దానికి విషం.
అందుకే అతని వేళ్ళు
పని లేని చుట్టాల్లా ఒళ్ళో కూర్చుంటాయి.

"ఏ రేతిరమ్మా, పోయిన మంగళారవేనా?
ఆ రేతిరి నా ఉప్పు నీరయిపోనాది."
ఏం ఉప్పు?
"మావిడికాయలోకి పొట్లం తెచ్చుకున్నాను.
కరెంటు ఇలా పోయి అలా వచ్చీసినాది.
ఆ కాసేపటికే
కాయితం తడిసి ముద్దయిపోనాది."

కొలిమికి బ్యాటరీ ఉంది.
మోటార్లకు ఉంది, కంప్యూటర్లకు ఉంది,
వినీల్ టేబుల్ లైటుకీ ఉంది.
పూత గదిలో గాలి తడి పిండే యంత్రానికి మాత్రం
మామూలు లైను.
కరెంటొచ్చినా నాలుగు నిమిషాలు
అలసట తీర్చుకుంటే గాని తిరగదు.
దాని మౌనం రాయడానికి
పుస్తకంలో గడి లేదు.

నాలుగు నిమిషాలు. నిమిషానికి పది సెంటీమీటర్లు.
లెక్క చేతివేళ్ళ మీదే తేలింది.

ఆ కాసేపట్లో
యారాడ కొండ చుట్టి, హార్బరు చేపల వాసన మోసుకుని
సముద్రం లోపలికొచ్చింది.
తలుపు తట్టలేదు.
ఆరని పూత మీద ఒక్కసారి ఊదింది.
తర్వాత కొలిమిలో
ఒకే దిక్కుకు నిలబడాల్సిన స్ఫటికాలు
తలో పక్కకు తిరిగాయి.

యంత్రానికీ బ్యాటరీ వచ్చింది, మూడు ఉత్తరాలు రాశాక.
లాగ్‌బుక్‌లో కొత్త గడి గీశాను: తేమ.
దాని పక్కన, ఎవరూ అడక్కపోయినా, ఇంకొకటి: ఉప్పు.
రోజూ అక్కడ సూరప్పడు
పొడి అనో, చెమ్మ అనో
మిల్లు మస్టరు నాటి గుండ్రటి అక్షరాల్లో రాస్తాడు.
ఆడిట్‌కొచ్చినాయన రెండుసార్లు చదివి
ఏమీ అనకుండా పేజీ తిప్పాడు.

కత్తిరించిన ముక్క నా సొరుగులో ఉంది.
మిగతా తొంభై తొమ్మిదిన్నర మీటర్లలాగే
మెరుస్తుంది.
నిన్న సూరప్పడి చేతికిచ్చాను,
ఇక దీన్ని ముట్టుకోవచ్చు, అని.
కళ్ళు మూసుకుని
రెండు వేళ్ళ మధ్య చాలాసేపు జారనిచ్చాడు.
ఇటు నుంచి అటు. అటు నుంచి ఇటు.

"లేదమ్మా,
ఇది నాకూ దొరకనేదు."