అరవై జతలు

నాకు తుగ్రిక్కుల లెక్క తలకెక్కదు.
చెప్పుల లెక్కే వచ్చు.
ఉన్ని తడిపి, సబ్బు నురగలో దొర్లించి,
వేళ్ళ సందులు పగిలేదాకా ఒత్తితే
ఒక జత.
మంచు బిగిసేలోగా అరవై చేశాను.
యాభై ఎనిమిది అమ్ముడుపోయాయి.
రెండు సంచిలోనే ఉన్నాయి.
అందులో ఒకటి కాస్త వంకర.

ఇదెర్ నోటుబుక్కులో ఆర్నెల్లుగా ఒకటే పేజీ,
కొట్టివేత మీద కొట్టివేత.
పక్క గుడారంలో అరగంట ఆడుకోవడానికి
వాళ్ళ బొగ్గు బస్తాలు మోసిన పిల్లాడు వీడు.
ఉలాన్‌బాతర్ బస్సులో కూర్చుని
కిటికీ మీది మంచులో గోటితో కూడుతున్నాడు,
ఊపిరి తగిలి అంకెలు కరిగిపోతుంటే
మళ్ళీ మొదటి నుంచి.

నేలమాళిగలో లువ్సాన్ కొట్టు.
గ్రాఫిక్స్ కార్డు, ఒకరు వాడింది, ఇరవై నాలుగు జతలు.
ఆటలో గడ్డి గడ్డిలా కనబడాలంటే అదే కావాలట.
గడ్డి చూడాలంటే మీ మామ మంద దగ్గరికి పోరా అన్నాను.
నవ్వలేదు.
నేనే దాన్ని తిప్పి తిప్పి చూశాను,
గుర్రం కొనేముందు పళ్ళు చూసినట్టు.
రెక్కల సందున దుమ్ము, బొగ్గు పొగ వాసన.
"మా పేటదే" అన్నాను.
లువ్సాన్ రేటు తగ్గించలేదు కానీ
మూడు నెలల హామీ కాగితం రాసిచ్చాడు.

ప్రాసెసరూ బోర్డూ కలిపి పదహారు.
జ్ఞాపకానికి నాలుగు.
ఇంత చిన్న పలకకి జ్ఞాపకమెందుకు,
నాకున్నది చాలడం లేదా అనుకున్నాను.
డిస్కుకి ఆరు.
ఇక ఎనిమిది.

అక్కడ వాడి కళ్ళు గాజు పెట్టె మీద పడ్డాయి.
లోపల దీపాలు, నీలం నుంచి ఊదాకి.
పెట్టెకి ఐదు, మూడు జతల్లో వచ్చే పవర్ సప్లై ఒకటి,
సరిగ్గా సరిపోతుంది చూడమ్మా అన్నాడు.
పవర్ సప్లై అంటే ఏమిటని అడిగాను.
"కరెంటు లోపలికి వచ్చే దారి."
మూడు జతలదాన్ని చేతిలోకి తీసుకున్నాను.
ఖాళీ డబ్బాలా తేలిపోయింది.

మిగతా వాటి సంగతి నాకు తెలీదు.
ఇది తెలుసు.
మా వీధిలో ఒకాయన పొయ్యి మంచిది కొని
గొట్టం దగ్గర కక్కుర్తి పడ్డాడు.
తెల్లారి ఆ గుడారం తలుపు మేమే తీశాం.
"బరువైనది ఇవ్వండి" అన్నాను, "ఎనిమిదిది."
ఇదెర్ నోటుబుక్కు మూసేశాడు.

మరలూ, ప్రాసెసర్ నెత్తిన రాసే బూడిదరంగు ముద్దా
కొసరుగా అడిగితే లువ్సాన్ తల అడ్డంగా ఊపాడు.
సంచిలోంచి ఆ రెండు జతలూ తీశాను.
వంకరది తనకి పెట్టుకుని
మంచిది భార్యకి దాచాడు.

బయట సున్నాకి ముప్పై రెండు కింద.
ఇంటికొచ్చాక వెంటనే బిగించకూడదట,
చలిలోంచి వచ్చిన సామాను చెమ్మ పడుతుందట.
మంచులో పుట్టిన గొర్రెపిల్లని
ఒక్కసారిగా పొయ్యి పక్కన పెట్టం కదా, అలాగే.
తలుపుకీ పొయ్యికీ మధ్య అట్టపెట్టెలు పేర్చి,
వాటి మీద చెయ్యి వేసి,
అన్నం కూడా ఎడమచేత్తోనే తిన్నాడు.

నారింజరంగు చెక్కపెట్టెలో నా బట్టలు తీసి
దానికే చోటిచ్చాను.
మూత తెరిచే ఉంచాలి.
పాత టీవీ తెర మీద వెలుగొచ్చేసరికి అర్ధరాత్రి దాటింది.

పేటలో అందరూ హీటర్లు వేసే వేళ,
బల్బు ఎర్రబడి కుంగింది.
చెక్కపెట్టె కుంగలేదు.
వాడు తల తిప్పి నావైపు చూశాడు.
నేను ఉన్ని దువ్వుతున్నట్టు నటించాను.