రవ్వంత వంపు

కోచెవ్యె అడవి అంచున
మంచు ఇంకా కరగని మార్చి పొద్దున
చెక్కపెట్టెలో దిగింది అరవై రెండు కిలోల మొండిఘటం:
నాలుగు రబ్బరు చక్రాలు, ఒక మోటారు,
కొంగమెడలాంటి ఇనప చెయ్యి.
"నా బదులు కర్ర తోసేవాడు వీడేనా?"
కాఫీ కప్పు కింద పెట్టకుండానే అడిగాడు లూద్విక్.

ముప్ఫై ఎనిమిదేళ్లుగా
గిర్రున తిరిగే కత్తి ముందు నిలబడి
కిటికీ చట్రాలకి కర్ర తోసినవాడు.
పది వేళ్లూ ఉన్నాయి.
అప్పుడప్పుడు వాటితో బల్లమీద దరువేస్తాడు
లెక్క సరిచూసుకుంటున్నట్టు.
బీమా కంపెనీ వేళ్లు లెక్కపెట్టలేదు,
ఏళ్లు లెక్కపెట్టింది.

మొదటి తగువు చిల్లుల దగ్గర.
పోత ఇనప బల్ల, వాడి వాడి అద్దమైపోయింది,
దానికి నాలుగు చిల్లులా!
మా యజమానురాలు త్స్వెత్కా
సుద్దతో గుర్తులు పెట్టి డ్రిల్లు నా చేతికిచ్చింది.
లూద్విక్ బయటికెళ్లి కట్టెలు కొట్టాడు,
ఎవరికీ అక్కర్లేని కట్టెలు.
నా బూట్లమీద నల్లటి ఇనప రజను.
నాలుగోది పూర్తయ్యేసరికి తిరిగొచ్చి
లోపల మరచుట్లు తనే కోశాడు.
"ఎలాగూ పాడుచేశారు,
తిన్నగానైనా పాడుచెయ్యండి."

తరవాత ఎత్తు.
చక్రాలు కర్ర మందానికి
మూడు మిల్లీమీటర్లు కిందుండాలంటుంది పుస్తకం.
మూడంటే? ఒకటిన్నర అగ్గిపుల్ల.
తగ్గితే చక్రం జారి ఉన్నచోటే తిరుగుతుంది.
మించితే కర్ర మొరాయిస్తుంది,
కత్తి మాత్రం ఆగదు,
ఆగిన కర్రని అక్కడే మాడుస్తుంది.
కత్తికి ఇవతల రెండు చక్రాలు, అవతల రెండు.
ఇటువి వదిలేలోపు అటువి అందుకోవాలి.
స్విచ్చికి రెండు దిక్కులు:
కత్తికి ఎదురెళ్లాలి కర్ర.
దాని వెంటబడి వెళ్తే అది కర్ర కాదు, బాణం.

ఇన్నీ చూసుకుని, పిడులన్నీ బిగించి
మొదటి లార్చ్ కర్ర వదిలాం.
సగందాకా బుద్ధిగా వెళ్లింది,
ఆపైన ఫెన్సు మీద అలిగి
మెల్లగా పక్కకి జరిగింది.
గాడి పాములా మెలికలు.
రెండోదీ అంతే.
మూడోది ఇంకొంచెం ఘోరం.
త్స్వెత్కా పేజీలు తిప్పుతోంది.
నేను బిగించినవే మళ్లీ బిగిస్తున్నాను.
నాలుగోదీ పొయ్యిలోకే పోయింది.

లూద్విక్ మర ఆపాడు.
కత్తి చప్పుడు పూర్తిగా చచ్చేదాకా
తల వంచి విన్నాడు.
కొంగమెడ పక్కకి తిప్పి
బల్లమీద ఖాళీ కర్ర పెట్టి
"నీ చెయ్యి ఇలా తే, నా చేతికింద పెట్టు" అన్నాడు.
తోశాడు.

చూసేవాళ్లకి తిన్నగానే.
కింద నా అరచేతికి తెలిసింది
అది ముందుకొక్కటే కాదని,
రవ్వంత ఫెన్సు వైపూ అని.
రద్దీ వీధిలో పసివాణ్ణి నడిపిస్తూ
వాడికి తెలియకుండా
గోడవారకి ఒత్తుతాం చూడు, అలాగ.
"నేనెప్పుడు తిన్నగా తోశాను గనక?"

చక్రాల వరసని వంచాం:
కర్ర బయటికొచ్చే కొస
ఫెన్సుకి రెండు నాణేల మందం దగ్గరగా.
"పంతొమ్మిదో పేజీలో ఇదే ఉంది"
నీరసంగా అంది త్స్వెత్కా.
"అయితే పుస్తకం రాసినవాడికీ
చేతులున్నాయన్నమాట."

అయిదో కర్ర ఫెన్సుని కరుచుకుని కదిలింది.
చేతులెక్కడ పెట్టుకోవాలో తోచక
ఏప్రన్ జేబులో దూర్చి, తీసి,
మళ్లీ దూర్చి
బల్ల చుట్టూ అవతలికి నడిచాడు లూద్విక్.
ఇన్నేళ్లూ కర్ర వెళ్లిపోవడమే చూశాడు,
దాని వెనక కొసే తెలుసు.
ఇప్పుడు ఎదురుగా వస్తోంది,
కొత్త గాడితో, తడి జిగురు వాసనతో,
సన్నటి ఎర్ర పొట్టు ఎగరేసుకుంటూ.
రెండు చేతులూ చాచి అందుకున్నాడు.
వెలుతురుకి పట్టి, ఒక కన్ను మూసి,
చాలాసేపు ఏమీ అనలేదు.

"చక్రం నల్లచార పడుతోంది.
అరచుట్టు పైకెత్తు."

ఎత్తాను.