అడుగు

మా తాత చాసిబ్‌కి అడుగు తప్ప వేరే చదువు లేదు.
ఫావ్ రేవులో చమురు ట్యాంకుల నెత్తికెక్కి
మూత తీసి, ముఖం పక్కకు తిప్పి
ఇత్తడి గుండు కట్టిన టేపు లోపలికి వదిలేవాడు.
గుండు అడుగు తాకిన చప్పుడు
చెవితో కాదు, చూపుడు వేలితో వినేవాడు.
ఇరవై ఏడు అడుగులు, నాలుగు అంగుళాలు.
చీటీ రాసి సంతకం పెట్టేవాడు.
ఆ చీటీ ఏ దేశం పోయేదో
దాన్ని చూసి ఎవరు ఎవరి మీద పళ్లు కొరికేవారో
ఆయన అడగలేదు.
జీతం కొలిచినందుకు ఇచ్చేవారు.

గుండుకి ఒక లేపనం పూసేవాడు.
చమురు తగిలితే దాని రంగు మారదు
నీళ్లు తగిలితే ఎర్రబడుతుంది.
"ఎంత చమురుకైనా అడుగున నీళ్లుంటాయి పిల్లా,
ఆ ఎరుపు తీసేస్తే మిగిలేదే అసలు లెక్క."

అప్పట్లో మా ఇల్లు సీబాలో.
వాకిట్లోంచి చూస్తే నది
నదికి అవతల అబాదాన్ మంటలు.
దీపం ముట్టించకుండా ఆ వెలుగులోనే
మా నానమ్మ ఫఖ్రియా బియ్యం ఏరేదట.
ఆమె పుట్టిల్లు ఆ మంటల కిందే.
కాపురానికి పడవలో వచ్చింది
ఒళ్లో కుట్టుమిషను పెట్టుకుని.
ఆమె అన్న షనావా అక్కడి ట్యాంకుల మీద
మా తాత చేసే పనే చేసేవాడు.
అదే కంపెనీ టేపు. అదే గుండు. అదే లేపనం.
పండక్కి కలిస్తే బావాబావమరుదులు
ఎవరి గోళ్లు ఎక్కువ నల్లగా ఉన్నాయో పందెం వేసుకునేవారు.

తర్వాత నది మధ్యలో ఒక గీత ఉందన్నారు.
నీటి మీద రాత నిలవదంటారు గానీ
అది ఎనిమిదేళ్లు నిలిచింది.
రేడియోలో గౌరవం గురించి చెప్పారు
ఎన్నడో మట్టిలో కలిసిన యుద్ధాల పేర్లు చెప్పారు.
చమురు మాట ఒక్కరూ ఎత్తలేదు.
గుండ్లు మాత్రం
దారి తెలిసినట్టు ట్యాంకుల మీదే వచ్చి పడ్డాయి.
దూరపు ఓడలొచ్చాయి.
ఇటు అమ్మినవాళ్లే అటూ అమ్మారు.

షనావా ట్యాంకు దిగలేదు.
ఆ కబురు నది దాటడానికి పదకొండేళ్లు పట్టింది.
ఈత వచ్చినవాడికి ఆ నది
పావుగంట.

ఇప్పుడు బస్రాలో ఉంటున్నాం.
రాత్రిళ్లు బావుల దిక్కున ఆకాశం కాలుతూనే ఉంటుంది.
కుళాయి తిప్పితే ఉప్పు.
మంచినీళ్లు లారీలో వస్తాయి
డ్రైవరు హమ్దాన్ నోటికొచ్చిన ధరకి.
మేడ మీద ప్లాస్టిక్ ట్యాంకు చూపించి
"నిండింది" అంటాడు.
నేను మూత తీసి తాత టేపు వదులుతాను.
"మూడడుగులే. నాలుగుకి తీసుకున్నావు."
"మీ తాత నేర్పాడా?" అని నవ్వుతాడు.
కొలవడం తాతే నేర్పాడు.
అడగడం నానమ్మ నేర్పింది:
చచ్చేదాకా కనిపించిన ప్రతి యూనిఫాం వాడినీ
మా అన్న ఏడి అని అడిగిందామె.

లేపనం డబ్బాలో అడుగున ఇంకా కాస్త ఉంది.
నిన్న కొంచెం తీసి గుండు నుంచి పై దాకా పూసి
బట్టలు ఉతికే బకెట్లో ముంచాను.
టేపు తడిసినంత మేరా ఎర్రగా వచ్చింది.
తాత లెక్కన ఎరుపు తీసేసి
మిగిలింది ఎంతో
వేళ్ల మీద లెక్కపెడుతూ కూర్చున్నాను.
కింద వీధిలో లారీ హారన్ కొడుతోంది.