రెండు పిడికిళ్లు

బయటికి పోవాలంటే
చాటంటూ ఒకటుండాలి గదా.
ఇసకపల్లి ఉప్పుటేట్లో ఎటు చూసినా బయలే.
ఈ పక్క ఉప్పుమళ్లల్లో మనుషులు,
ఆ పక్క దిగితే తొడదాకా అడుసు.

మా చెంగయ్య పడవ కొసన నిలబడి
గాలి ఎటుందో చూసుకొని
పని కానిస్తాడు. మొగోడి లెక్క అంతే.
నేను మూడో జామున రేవు కాడే
అన్నీ ముగించుకొని పడవెక్కేదాన్ని.
మళ్లీ చీకటి పడిందాకా బిగబట్టడమే.
పీతల వల నేను లాగతా ఉంటే
పొత్తికడుపు నన్ను లాగేది.
సీసాతో నీళ్లు తీసకపోయి
మూత తియ్యకుండానే తెచ్చేదాన్ని.

కావలి డాక్టరమ్మ అడిగింది,
"నీళ్ల మీద బతుకుతా నీళ్లెందుకు తాగవు తల్లీ?"
నవ్వా.
నవ్వినా మంటే అప్పుడు.

జువ్వలదిన్నె కాడ పడవలు చెక్కే మస్తాను సాయిబు
నీళ్లక్కర్లేని దొడ్డి ఉందన్నాడు.
"గట్టిది ఒక పక్కకి, నీళ్లు ఒక పక్కకి.
రెండూ కలవకుంటే కంపే లేదు చెల్లే"
ఆలుమగల తగువు తీర్చినట్టు చెప్పాడు.

పెయింటు బకెట్టు. అడ్డంగా కోసిన క్యాను, గరాటు.
విరిగిపోయిన మా మామ పడవ పలకతో పీట.
గొట్టానికి దోమతెర గుడ్డ,
దాని నెత్తిన కంప్యూటర్లోంచి పీకిన బుల్లి ఫ్యాను,
పలకంత సోలారు.
నాలుగు వెదుళ్లు, నీలం టార్పాలిను.
రెండు వారాల పీతలు అయిపోయాయి దానికే.

చెంగయ్య రెండు దినాలు నాతో మాట్లాడలా.
"పడవంటే గంగమ్మ. అమ్మ ఒళ్లో దొడ్డేందే?"
"మరి ఇన్నేళ్లూ అమ్మ నెత్తిన నువ్వు పోసిందేంది?"
మూడో దినం మేకులు తనే కొట్టాడు,
మూతి ముడుచుకొని, అన్నీ వంకర.

మొదటి వారమే చెడింది.
జల్లు కొట్టి ఊక తడిసింది.
ఈగలు పడవ వాటిదే అనుకున్నాయి.
"చెప్పలా?" అన్నాడు చెంగయ్య.
పొద్దుగూకిందాకా ఆ ఒక్క మాటే.
ఫోను చేస్తే సాయిబు అన్నాడు,
"ఎండిన ఊక చెల్లే. పిడికెడు చాలదు, రెండు.
పైన ఇంత పొయ్యి బూడిద."
అల్లూరు రైసుమిల్లు నుంచి బస్తా తెచ్చా.
సరుగుడు రంపప్పొట్టు దొరికిన వారం
పడవంతా వడ్రంగి కొట్టం వాసన.

క్యాను నిండితే నేను మోస్తా, బకెట్టు నిండితే తను.
ఇది ఎవరూ పెట్టని వంతు.
పడవ ఊగినప్పుడు వెదురు పట్టుకోవాల,
ఎదురుగాలికి టార్పాలిను కొస కాలితో తొక్కి పెట్టాల.
అలవాటయింది.
లోపల కూర్చొని ఒక్కోసారి
వచ్చిన పని మరిచిపోయి
పలక సందులోంచి ఏటిని చూస్తా కూర్చుంటా.
ఎవరూ పిలవని చోటు
నాకింతకు ముందు యాడుంది?

ఇప్పుడు తాగుతా, గడగడా.
సీసా మూత వలల్లో యాడో పడిపోయింది.
వెతకలా.

ఏడు నెలలకి దిబ్బ మీద డ్రమ్ము మూత తీశాం.
చెంగయ్య ముక్కు మీద తువాలుతో అంత దూరాన.
కర్రతో కెలికా. నల్లగా, పొడిపొడిగా.
కాసేపటికి తువాలు దించి
"తొలకరి వాసనొస్తందే" అన్నాడు,
తనేదో తప్పు చేసినట్టు.
తినేవాటికి వద్దని సాయిబు చెప్పి ఉన్నాడు.
సరుగుడు మొక్కల మొదట్లో పోశాం.
అవి ఏం అడగలా.

నిన్న మిట్టమధ్యాన్నం, ఏటి నడుమ
నాగూరమ్మ పడవ మా పడవకి ఠక్కున ఆనింది.
వాళ్లాయన ఆకాశంలో ఏదో వెతకతా ఉన్నాడు.
ఆమె సీసాలో నీళ్లు నిండుగా, కదలకుండా ఉన్నాయి.
తనేం అనలా. నేనేం అడగలా.
చెయ్యిచ్చి ఇటు దాటించి
టార్పాలిను పైకెత్తి
ఊక డబ్బా అందించా.
"రెండు పిడికిళ్లు" అన్నా.