అరువు నిప్పు

వాక్లీలో మా వీధి
గోడకి చేరేసిన నిచ్చెన.
ఇళ్ళు ఒకదాని భుజం ఒకటి పట్టుకుని
జారిపోకుండా నిలబడతాయి.
పై అంతస్తు నాది.
అద్దె పడినంత కాలం నాది.

ఒప్పందంలో పదిహేడో షరతు:
గోడకి మేకు కొట్టరాదు.
నా క్యాలెండరు కిటికీ గొళ్ళేనికి వేలాడుతుంది.
అలాంటి ఇంట్లో ఉండి కరెంటు కారు కొన్నాను.
ఏనుగుని కొన్నాను,
కట్టేయడానికి గుంజ లేదు.

తొమ్మిదేళ్ళ బండి.
బ్యాటరీకి పన్నెండు గీతలుండాలి, తొమ్మిదున్నాయి.
"మనందరికీ అంతేగా" అన్నాడు అమ్మినవాడు.
ఛార్జరు పెట్టించండని ఏజెంటుకి మూడు మెయిళ్ళు రాశాను.
మూడోదానికి జవాబొచ్చింది,
బాత్రూమ్ ఫ్యాను బాగుచేయించామని.

సూపర్ మార్కెట్ వెనక రెండు స్తంభాలు.
ఒకటి ఎప్పుడు చూసినా క్షమించమంటుంది.
రెండోదాని దగ్గర టాక్సీ అబ్బాయి
సీటు వాల్చి నోరు తెరిచి నిద్ర.
అద్దం కొట్టి లేపనా,
పోనీ పాపం పడుకోనివ్వనా అని
నేను ధర్మమీమాంస చేస్తుంటే,
హీటరు ఆపితే వేళ్ళు కొంకర్లు,
వేస్తే ఏడు శాతం ఆరు.

ఈ షెఫీల్డులో
లోయలోకి దిగుతూ సంపాదించింది
అవతలి గట్టెక్కుతూ ఖర్చు.
ఆసుపత్రి ల్యాబులో రాత్రంతా
ఊళ్ళోవాళ్ళ రక్తంలో చక్కెర లెక్కపెట్టి
తెల్లారి నా బండి లెక్క చూసుకుంటాను.

కింద వాటాలో డెన్జిల్.
ముప్పై ఒక్క ఏళ్ళు విద్యుత్ కొలిమి దగ్గర
ఇనుము కరిగించినవాడు.
"మేం ఒక్క పోతకి వాడే కరెంటుతో
నీ డబ్బా చంద్రుడి దాకా పోయేది" అని నవ్వి,
జనవరిలో ఓ మధ్యాహ్నం
వంటింటి కిటికీ బెత్తెడు తెరిచి
"వైరు ఇలా ఇయ్యి" అన్నాడు.
డబ్బులంటే చెయ్యి విదిలించాడు,
ఈగని తోలినట్టు.

వైరు సందు దాటి పెరట్లోకి,
పెరట్లోంచి ఆయన కెటిల్ పక్కకి.
బండి ముక్కు మీద నీలం దీపం
ఊపిరి తీసుకున్నట్టు వెలిగి ఆరి వెలిగింది.
ఆరు నెలల్లో మొదటిసారి
లెక్కలు లేని నిద్ర పోయాను.

లేచేసరికి చీకటి.
బండి అరవై ఒకటి దగ్గర ఆగిపోయింది.
ఫ్యూజేమో అనుకుని కిందికి దిగాను.
డెన్జిల్ కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని
గ్యాస్ మంట ముందు కూర్చున్నాడు,
పక్కన సాసర్లో కొవ్వొత్తి.
"మీటరు అయిపోయిందమ్మాయ్.
అంగడికి పోదామనుకున్నా,
బయట మంచు గడ్డకట్టింది."

ముందే డబ్బు కట్టుకునే మీటరు.
నేను అడగలేదు.
ఆయన చెప్పలేదు.
ఎమర్జెన్సీ అయిదు పౌండ్లు కూడా
నా బండే తాగేసింది.

మా మేనత్త చెప్పేది,
అగ్గిపెట్టె కొనలేని రోజుల్లో
పిడక ముక్క పట్టుకుని
పొరుగింటికి నిప్పుకి పోయేవాళ్ళని.
నిప్పు ఇస్తే తరగదనేది.
ఇది తరుగుతుంది అత్తా.

నీలం ప్లాస్టిక్ తాళంచెవి తీసుకుని
గోడలు పట్టుకుంటూ మంచు మీద దిగాను.
అంగట్లో ఇరవై వేయించాను.
తిరిగొచ్చి మీటర్లో పెట్టగానే
ముందు ఫ్రిజ్ గొంతు సవరించుకుంది,
తర్వాత లైటు,
తర్వాత వెనక సందులో నా బండి.
"పీకకు, ఉండనీ" అన్నాడు.
పీకేశాను.
ఆయన కాసేపు ముఖం తిప్పుకున్నాడు.
ఎందుకో ఇప్పటికీ అడగలేదు.

ఆ రాత్రి కొండ దిగుతుంటే
అంకె అరవై రెండయింది.
అందులో ఆయనదెంతో, వాలుదెంతో
బండి విడగొట్టి చూపించదు.

ల్యాబు దగ్గర ఆపి
బ్యాడ్జి కోసం జేబులో చెయ్యి పెడితే
తగిలింది
డెన్జిల్ తాళంచెవి.