ఇరవై మూడు

బెల్టు ఒకటి. బూటు లేసులు రెండు.
పెన్ను ఒకటి, పాళీ బంగారం.
పద్దు రాసి సంతకం పెట్టమన్నాను.
మంత్రిగారి సంతకం మాకు కొత్త కాదు,
ఆనాటి మూడు వాక్యాల కిందా ఇదే తోక, ఇదే సున్నా:
శాసనసభకు తాళం.
కోర్టులకు సెలవు.
అనుమానం ఉన్నవాణ్ణి అడక్కుండా పట్టుకోండి.

నేను పోలికార్పియో కోల్కే, రాత్రి కాపలా.
ఎల్ ఆల్టో చలికి చువ్వ పట్టుకుంటే
అరచేతి తోలు అంత తేలిగ్గా ఊడిరాదు.
రెండు కంబళ్లిచ్చాను.
మూడోది అడిగాడు. రూల్లో లేదన్నాను.
ఆ మాట అంటుంటే నాలుక మీద
కాస్త తీపి తగిలింది, దాచను.

పదేళ్ల శిక్ష. తీర్పు చదువుతున్నంతసేపూ
రేడియోలో ఎవరో దగ్గుతూనే ఉన్నారు.
మా ఆవిడ మంచులో బంగాళాదుంపలు పరుస్తూ వింది.
"అంతేనా?" అంది.
వాళ్ల తమ్ముడి జాడ ఇంకా తెలియలేదు.

మూడో రాత్రి ఆయన రాజ్యాంగం అడిగాడు.
అప్పీలు రాసుకోవాలట.
జైలు బీరువాలో ఒకటే ప్రతి ఉంది,
బైబిలుకీ పశువైద్యం పుస్తకానికీ మధ్య నలిగి.
ఇరవై రెండు తర్వాత ఇరవై ఏడు.
నడుమ కాగితాన్ని ఎవడో పొగాకు చుట్టుకుని తాగేశాడు.
ముందుకూ వెనక్కూ తిప్పాడు,
ఖాళీ జేబునే మళ్లీ మళ్లీ తడుముకునే మనిషిలా.
"కొత్తది తెప్పించు" అన్నాడు, ఇంకా ఆ గొంతుతోనే.
"అర్జీ పెట్టండి. పదిహేను రోజులు."

"నాకొచ్చు" అంది పక్క గది.
విల్మెర్ టంకారా, సైకిళ్ల దొంగ.
"రెండు సిగరెట్లు."

ఆ ఉత్తర్వు వచ్చిన రాత్రి, వీడేమీ దొంగిలించని రాత్రి,
వ్యాను ఎక్కిస్తుంటే ఇరవై మూడు అప్పజెప్పాడు.
వాక్యానికో దెబ్బ పడింది.
అయినా చివరిదాకా చెప్పాడు.
ముందు పన్ను పోయినచోట
ఇప్పటికీ 'స' పలికితే ఈల వస్తుంది.

గోడకు చెవి ఆనించి మంత్రి,
పెన్సిలు ముక్కతో, మోకాలి మీద కాగితం:
"ఏ వ్యక్తినీ... ఆ తర్వాత?"
"రాతపూర్వకమైన ఆదేశం లేకుండా సార్."
"నెమ్మదిగా చెప్పు."
"లేకుండా. రాశారా?
దీని తర్వాతది పొడుగు. ఇక్కడే నాకు పన్నూడింది."

కాసేపు పెన్సిలు చప్పుడు ఆగింది.
మళ్లీ మొదలైంది.

పదింటికి దీపం ఆర్పాలి.
పది దాటి పదిహేడు నిమిషాలకు ఆర్పాను.
పద్దులో వేళ వేశాను.
'కారణం' అన్న గడిలో
"ఇరవై మూడు ఇంకా పూర్తికాలేదు" అని రాసి
కింద నా సంతకం పెట్టాను,
తోకా సున్నా లేకుండా,
ఎవరైనా చదవగలిగేలా.